రెండో పాటలో దగ్గు

గుంటూరులో ఇంత నిశ్శబ్దం దొరుకుతుందని రాగసుధకు ముప్పై మూడేళ్ళు వచ్చేదాకా తెలియలేదు. బయట మే నెల శనివారం, పదకొండు గంటల ఎండ, వరసగా డాక్టర్ల బోర్డులు, ఆటోల హారన్లు, చెరుకురసం మిషనుకి కట్టిన గజ్జెల చప్పుడు, ఏ వీధిలో ఏ డాక్టరో తెలియక ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుచుకునే పల్లెటూరి బంధువులు, అన్నీ ఒక్క తలుపు మూసేసరికి ఆగిపోయాయి. తలుపంటే మామూలు తలుపు కాదు, మిర్చి బస్తాలు దాచే కోల్డ్ స్టోరేజీ తలుపంత మందం. లోపల ఒక కుర్చీ, చిల్లుల అట్టలు తాపడం చేసిన గోడలు, ఎదురుగా అద్దం ఫ్రేములో చెవి బొమ్మ, వెనకగా ఎడమ పక్క చిన్న కిటికీ, కిటికీ అవతల మిషను ముందు గుల్జార్ బేగం. ఆవిడే ఇందాక ఇయర్‌ఫోన్లు తగిలించి, ఎర్రది కుడిచెవికి, నీలంది ఎడమచెవికి అని చెప్పి, చేతిలో ఒక బటన్ పెట్టింది. "చిన్నగా వినపడినా సరే నొక్కేయండి మేడం. వినపడకపోతే ఊరుకోండి. పరీక్ష అని భయపడొద్దు." పరీక్షలకు భయపడే మనిషి కాదు రాగసుధ. సత్తెనపల్లి హైస్కూల్లో లెక్కల టీచరు, భయపెట్టే పక్షం మనిషి. ఇవాళ మాత్రం అరచేతికి చెమట పట్టి బటన్ జారిపోతోంది.

ఎందుకు జారదు, రేపు ఆదివారం. రేపు సాయంత్రం వాడరేవు ఒడ్డున, ఎండబెట్టిన చేపలకు నాలుగు గజాల దూరంలో తాలు కాయలు పాడాలి. తాలు కాయలంటే వాళ్ళ బృందం పేరు. ఈవిడ గొంతు, కోటేష్ గిటారు, గౌస్ బాషా డ్రమ్ము, అంతే సరుకు. తొంభై ఎనిమిది నుంచి ఏటా ఒక్కసారి, మిరప కల్లాలు ఎత్తేశాక వచ్చే రెండో ఆదివారం, నలభై నిమిషాలు. రేపటితో పన్నెండో ఏడు. ఒక్క ఏడూ తప్పలేదు. మరి నిన్న ఫోన్లో కోటేష్ కుండ బద్దలు కొట్టేశాడు. "డాక్టరు చెవి బాగుందంటేనే సుధా. లేదంటే రేపు నేను గిటారు సంచి విప్పను. నీ చెవి పాడుచేసి నేను వాయించేదేంది?" ఆ మాట అనడానికి వాడికి హక్కుంది, అదే ఆవిడ కోపం. పరాయివాళ్ళంటే తిట్టి ఊరుకునేది. కాబట్టి ఈ గదిలోంచి మంచి కాగితంతో బయటికి వెళ్ళాలి. మంచి కాగితం రాకపోతే పన్నెండో ఏడు ఉండదు, ఉండకపోవడానికి కారణం తనవుతుంది.

ఎడమచెవి ముందు. సన్నగా ఒక మోత, నొక్కింది. ఇంకా సన్నగా, నొక్కింది. ఇదేమంత కష్టం, చిన్నప్పటి నుంచి చేస్తున్న పనే, తెల్లవారకముందే శ్రుతిపెట్టె ముందు కూర్చోబెట్టి "ఏదీ, షడ్జం ఎక్కడుందో పట్టుకో" అనేది అమ్మ. అమ్మ బాలసరస్వతి, చీరాలలో ముప్పై ఏళ్ళు సంగీతం చెప్పి, వీధిలో ఎవరింటి పిల్ల ఏ స్వరం దగ్గర జారుతుందో వంటింట్లోంచి చెప్పగల మనిషి. కన్నకూతురికి రాగసుధ అని పేరు పెట్టుకుంది పాపం. పేరు రాగసుధ, పాట గావుకేక అని గౌస్ బాషా ఇప్పటికీ నవ్వుతాడు. తాలు కాయల మొదటి క్యాసెట్టు అమ్మకు దొరికిన రోజు, టేప్‌రికార్డర్లో పెట్టి, ఒక పాట పూర్తిగా, రెండో పాట సగం విని, ఆపి, "ఇది పాటా, పేచీయా?" అంది. అంతే. ఆ తర్వాత పదకొండేళ్ళు ఆ విషయం ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. అరవకపోవడం అమ్మ పద్ధతి. అరిచి ఉంటే రాగసుధ తేలిగ్గా ఊపిరి పీల్చుకునేది. క్యాసెట్టు మాత్రం అమ్మవాళ్ళింట్లో బీరువా పై అరలో ఉండిపోయింది. రాగసుధ చీరాల వెళ్ళినప్పుడల్లా తీసి చూస్తుంది, ఎప్పుడు తీసినా టేపు మొదటికి చుట్టి ఉంటుంది. తనకేమో విన్నది విన్నచోటే వదిలేసే బద్ధకం. అదేమిటో.

ఇప్పుడు అమ్మ బయట హాల్లో బెంచీ మీద ఉంది, చేతిసంచిలో మంచినీళ్ళ సీసా, అరటిపళ్ళు. డాక్టరు దగ్గరికి వెళ్దామన్నదీ ఆవిడే. ఆర్నెల్లుగా అమ్మ తనకు ఎడమ పక్కే కూర్చుంటోందని, బస్సులో కూడా లేచి వచ్చి ఎడమ పక్కకు మారుతోందని రాగసుధ ఈమధ్యే గమనించింది. గమనించి, తెలియనట్టు ఉంది. ఇద్దరూ ఇద్దరే.

"ఇప్పుడు కుడిచెవి మేడం," అంది గుల్జార్ బేగం గొంతు ఎక్కడో బావిలోంచి. కుడిచెవి అంటే అది వేరే ఊరు. అక్కడ నిశ్శబ్దం లేదు. అక్కడ ఎప్పుడూ ఒక ఈల, కుక్కరు కూత వేయబోయే ముందు తీసే రాగంలాగా, పగలూ రాత్రీ. స్కూల్లో పిల్లలు నోట్సు రాసుకుంటున్నప్పుడూ, భర్త ఆత్రేయ పక్కన కూర్చుని పేపరు చదువుతున్నప్పుడూ అదే. రెండేళ్ళ కిందట మొదలైంది. వాడరేవు నుంచి వచ్చిన రాత్రి ఉండటం, తెల్లారేసరికి పోవడం మామూలే, ఆ ఏడు పోలేదు. నొక్కింది. కాసేపాగి మళ్ళీ నొక్కింది. "మేడం, నేనింకా ఏమీ పెట్టలేదు," అంది గుల్జార్ బేగం, మెత్తగా. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు. శంఖం ఊదకముందే విన్న చెవిటిదాన్ని నేనే అనుకుంది రాగసుధ, నవ్వొచ్చింది.

ఈ ఈలకు విత్తనం పడిన చోటు ఆవిడకు తెలుసు. పర్చూరు అవతల, కోటేష్ వాళ్ళ పొలంలో పొగాకు బ్యారన్. పొగాకు కాల్చే ఆ పొడుగాటి గదికి కిటికీలుండవు, పైన రేకులు, చప్పుడంటూ లోపలికి పోతే బయటికి రాదు. డిగ్రీలో తన క్లాసువాడు కోటేష్, సెలవులకు బెంగుళూరులో మామయ్య ఇంటికెళ్ళి, పేరులేని ఒక క్యాసెట్టూ, జిరాక్సు తీసి పిన్నులు కొట్టిన ఒక పుస్తకమూ పట్టుకొచ్చాడు. క్యాసెట్టులో ఇంగ్లీషు పాటలు, పాటలంటే గిటారు మీద తిప్పి తిప్పి వాయించే మూడు కార్డులు, రెండు నిమిషాలు, ఒక కోపం. సరళీస్వరాల నుంచి వర్ణం దాకా పదేళ్ళు నడిచిన రాగసుధకు, సంగీతం ఇలా తలుపు తన్నుకుని కూడా రావచ్చని అప్పుడే తెలిసింది. దీన్నే పంక్ అంటారన్నాడు కోటేష్, ఆ మాటకు పనికిమాలినవాడని అర్థమట, పేరు పెట్టింది వేరేవాళ్ళట, వీళ్ళు తీసి నెత్తిన పెట్టుకున్నారట. పుస్తకం చివర్లో ఇలాంటి పాటలవాళ్ళ చిరునామాలు. ఎక్కడెక్కడివో. వేలు పెట్టి ఒకటి ఎంచుకుంది, ఇండోనేషియాలో బాండుంగ్ అనే ఊరు, యాని అనే పిల్ల. తప్పుల ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాసింది, ఇక్కడ మేం ముగ్గురం ఉన్నాం, మాకు గిటారు సరిగ్గా రాదు, మేం కూడా మీవాళ్ళమేనా అని. ఇరవై ఆరు రోజులకు జవాబొచ్చింది, అంతకంటే తప్పుల ఇంగ్లీషులో. "వాయించడం వచ్చా అని ఇక్కడ ఎవరూ అడగరు. వస్తావా అని అడుగుతారు. వస్తే నీ వాళ్ళమే." కింద ఒక గమనిక, స్టాంపుల మీద సబ్బు రాసి పంపాను, తడిపితే పోస్టాఫీసు ముద్ర పోతుంది, స్టాంపులు తిరిగి పంపు, మళ్ళీ వాడుకుంటాం. ఇంత దొంగబుద్ధి ఉన్న మనుషులు తప్పకుండా మంచివాళ్ళే అయి ఉంటారని ముగ్గురూ తీర్మానించారు.

నొక్కాలా? ఏదో వచ్చినట్టుంది. ఈలా, మిషనా? ఊరుకుంది.

గౌస్ బాషాది చీరాలలో బ్యాండుమేళం ఇల్లు, తాత నుంచీ పెళ్ళి ఊరేగింపులే. వాడి పెద్ద డ్రమ్ము బ్యారన్‌లోకి ఎక్కించి, కోటేష్ గిటారు పెట్టెకు కరెంటు తగిలించి, రికార్డింగుకి ఒక మామూలు టేప్‌రికార్డరు పెట్టుకుని, మే నెలలో మొదలుపెట్టారు. ఆ గది ఖాళీగా ఉందనుకోవడమే ముగ్గురి తెలివితక్కువతనం. పొగాకు పని అయిపోయాక కోటేష్ నాన్న పిచ్చయ్య అందులో మిరపకాయల బస్తాలు సర్దించాడు, ముందురోజే తీయించాడు. బస్తాలు పోయాయి గానీ, వాటి పొడి, గింజా, తొడిమా అటకల మీదా గోడల మీదా అలాగే ఉన్నాయి. మొదటి పాట బాగానే అయింది. రెండో పాటలో గౌస్ బాషా ఆవేశం వచ్చి డ్రమ్మును గుద్దేసరికి రేకులదిరాయి, అటకలదిరాయి, మూడు నెలల కారం దుమ్ము ముగ్గురి నెత్తినా దిగింది. రాగసుధ అప్పుడే నోరు పూర్తిగా తెరిచి ఉంది. ఇక చూడాలి. దగ్గు, తుమ్ము, కళ్ళలోంచీ ముక్కులోంచీ ధారలు, గౌస్ బాషా అల్లాని తలుచుకోవడం, కోటేష్ తలుపు ఎటుందో తెలియక గోడకు గుద్దుకోవడం, అయినా డ్రమ్ము మాత్రం ఆగలేదు, బ్యాండుమేళం రక్తం, ఊరేగింపు మధ్యలో ఆపితే తాత చంపేవాడట. అదంతా టేపులోకి ఎక్కింది. వేరే టేపు లేదు కాబట్టి దాన్నే యానికి పంపారు. యాని కాపీలు తీసి ఊళ్ళకు పంచింది. నాలుగు దేశాల నుంచి ఉత్తరాలొచ్చాయి, అన్నింటిలో ఒకటే ప్రశ్న, రెండో పాటలో ఆ దగ్గు ఎలా చేశారు? ఇంత నిజమైన ఆవేశం మేమెక్కడా వినలేదు. కారం అని రాసింది రాగసుధ. వాళ్ళు దాన్ని కవిత్వం అనుకున్నారు. అప్పటి నుంచి ప్రతి ఏడూ రెండో పాటలో అదే చోట ముగ్గురూ దగ్గుతారు, వచ్చినవాళ్ళంతా దగ్గుతారు, ముప్పై మంది ఇసకలో నిలబడి ఒక్కసారిగా దగ్గుతుంటే చేపలు తిరగేసుకునే ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతారు.

అప్పుడే దొరికింది ఆవిడకు, ఆ మోచెయ్యి. ఎదురుగా ఉన్న చెవి బొమ్మ అద్దంలో, నత్తగుల్లలాంటి లోపలి చెవి మీద, గుల్జార్ బేగం మోచేతి నీడ. మోచెయ్యి కొద్దిగా కిందికి దిగిందంటే ఆవిడ మీట నొక్కినట్టు. దిగింది. వినపడలేదు. రాగసుధ నొక్కింది. కిటికీ అవతల పెన్ను కదిలింది. మళ్ళీ దిగింది, మళ్ళీ నొక్కింది. ఎంత తేలిక. కళ్ళు రెండూ బాగున్న మనిషికి చెవితో పనేముంది? ఇన్విజిలేటరుగా ఎన్ని కాపీలు పట్టుకుంది, ఎంతమందిని బెంచీ ఎక్కించింది, ఇప్పుడు తనే బొమ్మలో చూసి రాస్తోంది. దొంగకు తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా కూర్చుని, మోచెయ్యి దిగినప్పుడల్లా నొక్కుతూ పోయింది. కాగితం బాగా వస్తుంది. రేపు మైకు పట్టుకుంటుంది. ఆ తర్వాతి ఏడు సంగతి ఆ తర్వాతి ఏడు.

ఆ మైకు లేకపోతే నేనెవర్ని, అనుకుంది. లెక్కల టీచర్ని, ఆత్రేయ భార్యని, బాలసరస్వతమ్మ కూతుర్ని, ఇవన్నీ నిజమే, ఇష్టమే కూడా. పెళ్ళిచూపుల్లో ఆత్రేయ వాళ్ళ అమ్మ ఆనవాయితీగా "పాడతావా అమ్మా?" అని అడిగితే "పాడతానండీ, ఇక్కడొద్దులెండి" అన్నందుకు ఆత్రేయ పగలబడి నవ్వాడు, ఆ నవ్వు చూసే ఒప్పుకుంది. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ ఏడాదిలో మూడు వందల అరవై నాలుగు రోజులు, కాటన్ చీర కట్టుకుని సుద్దముక్క పట్టుకున్నప్పుడు కూడా, లోపల ఒక చోట తాలు కాయ అనే సంగతి వెచ్చగా ఉంటుంది. ఆ పేరు పెట్టింది కోటేష్ వాళ్ళ అమ్మ వెంకటరావమ్మ. కల్లంలో ఎర్రకాయ ఒక పక్కకూ, రంగుపోయి తెల్లబడ్డ తాలు కాయ ఒక పక్కకూ ఏరుతూ, బ్యారన్‌లోంచి కళ్ళు తుడుచుకుంటూ వచ్చిన ముగ్గుర్నీ చూసి, "చదువుకుంటారని పంపితే మూడూ తాలుకాయలయినయ్యి గదరా," అంది. అని, ఒక తాలు కాయ తీసి విరిచి, "రంగు పోయుద్ది గానీ కారం యాడికి పోయుద్ది, కూర్చోండి, మజ్జిగ తాగండి," అంది. యానికి ఆ అర్థం రాస్తే, మా మాట కూడా సరిగ్గా అదే, మీకు మాకంటే మంచి పేరు దొరికింది అని జవాబిచ్చింది.

ఆ యాని ఇప్పుడు నలభై దాటిన మనిషి, రొట్టెల దుకాణం, ఇద్దరు పిల్లలు, మోకాళ్ళ నొప్పులు. ఒక్కసారి కూడా కలవలేదు. సునామీ వచ్చిన మర్నాడు, వాడరేవులో పడవలు చెట్లలోకి ఎక్కి ఉన్నాయని విని ముగ్గురూ అక్కడికి పోయి, వారం రోజులు వలల చిక్కులు తీసి, చీరాలకు తిరిగొచ్చి ఇంటర్నెట్ సెంటర్లో మెయిలు తెరిస్తే పంతొమ్మిది ఉత్తరాలు. ముక్కూ మొహం తెలియని ఊళ్ళ నుంచి. అన్నింటిలో ఒకటే, తాలు కాయలు, ఉన్నారా? అప్పుడు ఏడ్చింది రాగసుధ, కీబోర్డు మీద పడి ఏడ్చింది. చుట్టం అనేవాడు చావుకో పెళ్ళికో వస్తాడు, వీళ్ళు ఏ సంబంధమని అడిగారు? ఒక దగ్గు విన్నారు, అంతే. ఆ గుంపులో తనకొక చోటుంది, ఆ చోటు పేరు మైకు. మోచెయ్యి దిగింది. నొక్కింది.

మైకేనా?

యాని ఉత్తరాల్లో ఒక నియమం ఉండేది, కింద గీత గీసి మరీ రాసేది. పాట జరుగుతున్నప్పుడు అందరూ ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ గెంతుతాం, చూసేవాళ్ళకు కొట్లాటలా ఉంటుంది, కానీ ఎవరైనా కింద పడితే ముందు వాళ్ళను లేపాలి, పాట తర్వాత. మొదటి ఏడు వాడరేవులో, పట్టుమని పదకొండు మంది గెంతుతుంటే, కొడుకు కాలేజీ మాని ఇక్కడ గంతులేస్తున్నాడని ఎవరో చెప్పి, పిచ్చయ్య పర్చూరు నుంచి బస్సెక్కి వచ్చాడు, గిటారు విరగ్గొడదామని. "ఒరేయ్ కోటేషూ!" అంటూ గుంపులోకి దూకాడు, ఇసకలో కాలు మడతపడి బోర్లా పడ్డాడు. డ్రమ్ము ఆగింది. పదకొండు మందీ ఒక్కసారి వంగి, భుజాలు పట్టి, నడుం పట్టి, పెద్దమనిషిని పైకి లేపి, ఇసక దులిపి, తలపాగా చుట్టి పెట్టారు. చెప్పు ఒకటి దొరకలేదు. దాన్ని వెతికేదాకా ఒట్టికాలితో ఎక్కడికి పోతాడు, పడవ అంచు మీద కూర్చుని, తిడుతూనే, చివరిదాకా విన్నాడు. ఆ మరుసటేడు చెప్పు దొరికిందేమో చూద్దామని వచ్చానన్నాడు. ఆ తర్వాత ఏ వంకా చెప్పకుండానే వచ్చేవాడు, ఎప్పుడూ పాడలేదు, గెంతలేదు, పడవ అంచే ఆయన చోటు. ఆయన పోయి మూడేళ్ళు. ఆ అంచు మీద ఇప్పటికీ ఎవరూ కూర్చోరు.

ఆ నియమానికి రెండో సగం ఉంది. పడ్డవాడు చెయ్యి పైకెత్తాలి. ఎత్తకపోతే ఇంతమంది కాళ్ళ మధ్య ఎవరు పడ్డారో మాకెలా తెలుస్తుంది, అని రాసింది యాని. గౌస్ బాషా వాళ్ళ నాన్న పోయినప్పుడు వాడు ఎవరికీ చెప్పలేదు. మేళాలకు పిలుపులు తగ్గి, డీజే బాక్సులొచ్చి, వాడు ఆటో కొనుక్కున్న రోజులవి. నలభై రోజులు గడిచాక తెలిసి, చీరాల పోయి, వాడి ఇంటి ముందు నిలబడి, వీధి వీధంతా వినేలా తిట్టింది రాగసుధ. "చెయ్యెత్తలేదేంట్రా? మేం చచ్చామనుకున్నావా?" వాడు ఆటో చక్రం వైపు చూస్తూ, "చెయ్యెత్తితే, ఎవురూ చూడకపోతే ఎట్టా అక్కా అని," అన్నాడు. ఆ మాటకు రాగసుధ వెళ్ళి వాడి పక్కన కూర్చుంది. కోటేష్ అవతలి పక్క కూర్చున్నాడు. వాళ్ళమ్మ పెట్టిన టీ తాగారు, చీకటి పడేదాకా కూర్చున్నారు. అక్కడ మైకూ లేదు, డ్రమ్మూ లేదు. తాలు కాయలు అంతకంటే బాగా ఎప్పుడైనా వాయించారా అంటే రాగసుధ చెప్పలేనంటుంది.

మోచెయ్యి దిగింది. ఆవిడ నొక్కలేదు. అద్దంలో నత్తగుల్ల బొమ్మ మీద ఆ మోచెయ్యి ఓపిగ్గా మళ్ళీ లేచి మళ్ళీ దిగింది. పడిపోయాను కదా, అనుకుంది రాగసుధ. రెండేళ్ళ కిందటే పడిపోయి, పడలేదని నవ్వుతూ, అందరి కాళ్ళ మధ్య పడుకుని ఉన్నాను కదా. వాణ్ణి వీధిలో నిలబెట్టి తిట్టినదాన్ని. భయమేసింది, నిజంగానే, వాడు అన్న భయమే, ఎత్తితే ఎవరూ చూడకపోతే ఎలా. బటన్ ఒళ్ళో పెట్టి, స్కూల్లో పిల్లలు ఎత్తినట్టు, కుడిచెయ్యి పైకెత్తింది.

తలుపు తెరుచుకుని వీధి చప్పుడంతా లోపల పడింది. "ఏమైంది మేడం, కళ్ళు తిరుగుతున్నాయా?"

"లేదండీ. కుడిచెవి మళ్ళీ మొదటి నుంచి పెట్టండి. మీ చెయ్యి ఆ బొమ్మలో కనపడుతోంది, చూసి నొక్కేశాను."

గుల్జార్ బేగం బొమ్మ వైపు చూసింది, ఆవిడ వైపు చూసింది. కోప్పడలేదు. "మిలట్రీ సెలెక్షన్లకి వచ్చేవాళ్ళు చేస్తారు మేడం ఇట్లా," అని, కుర్చీని గోడ వైపు తిప్పి, పోతూ పోతూ భుజం మీద ఒకసారి చెయ్యి వేసి పోయింది. ఈసారి రాగసుధ కళ్ళు మూసుకుంది. చాలాసేపు ఏమీ లేదు, ఈల తప్ప. అడుగున ఎక్కడో గౌస్ బాషా పెద్ద డ్రమ్ములాంటి లావు మోత ఒకటి, అది వినపడింది, నొక్కింది. దాని మీదది కొంచెం. ఆ పైన వరసగా ఖాళీ. నొక్కని ప్రతి ఖాళీ దగ్గరా బటన్ మీద వేలు కదలకుండా ఉంచడానికి పాడటం కంటే ఎక్కువ ఊపిరి కావలసి వచ్చింది.

డాక్టరు గీతల కాగితం చూసి, చుట్టూ తిప్పకుండా చెప్పాడు. కుడిచెవిలో పై స్థాయి వినికిడి చాలావరకు పోయింది, పోయింది రాదు. ఎడమది బాగుంది, దాన్నీ పోగొట్టుకోవద్దు. "మైకు ముందు, డ్రమ్ము పక్కన నిలబడటం ఇంక వద్దమ్మా. ఒక్కసారి కూడా వద్దు. దూరంగా కూర్చుని, చెవులకు ప్లగ్గులు పెట్టుకుని వినండి, దూది కాదు సుమా." ఆయన మాట్లాడుతున్నంతసేపూ అమ్మ ఎడమ పక్కన కుర్చీలో కూర్చుని, కాగితం మీది గీతను ముట్టుకోకుండా వేలితో అనుసరిస్తూ ఉంది, ఎక్కడ దిగిందో, ఎంత దిగిందో.

హాల్లోకి వచ్చి కోటేష్‌కి ఫోను చేసింది. అలవాటు చొప్పున కుడిచెవికి పెట్టుకుంది. అవతల ఏదో గాలి. చెవి మార్చింది. "పోయిందిరా కోటేషూ. సగం పోయింది. ఇంక పాడకూడదంట, ఎప్పటికీ." చెప్పేసింది. అవతల ట్రాక్టరు చప్పుడు ఆగింది. తర్వాత కోటేష్ "సరే, ఏ బస్సుకొస్తన్నావు?" అన్నాడు.

"నువ్వు సంచి విప్పనన్నావుగా."

"నువ్వు డ్రమ్ము పక్కన నిలబడితే విప్పనన్నా. మా నాన్న పడవ అంచు ఖాళీగానే ఉందిగా, ఆడ కూర్చో. ఏ బస్సో చెప్పు, గౌస్‌ని ఆటో తెమ్మంటా."

"మరి పాడేదెవర్రా?"

"పన్నెండేళ్ళ నుంచి వింటన్నాం తల్లీ, ముప్పై మందిమి తలా ఓ ముక్క అరవలేమా? నువ్వంత బ్రెమ్మాండంగా ఏం పాడావని?" అంటూ నవ్వాడు, నవ్వు మధ్యలోనే ఫోను పెట్టేశాడు. రాగసుధ పెట్టేసిన ఫోనును ఎడమచెవి దగ్గరే ఉంచుకుని నిలబడిపోయింది. ఏడుపొచ్చింది, ఏడ్చింది, హాల్లో అందరూ చూస్తుండగానే. చూస్తే చూడనీ.

అమ్మ చేతిసంచి సర్ది, జరిగి, బెంచీ మీద తన కుడి పక్కన చోటు చూపించింది. అక్కడ కూర్చుంటే అమ్మ రాగసుధకు ఎడమ పక్క అవుతుంది. కూర్చుంది. అమ్మ అరటిపండు ఒలిచి చేతికిచ్చి, ఎటో చూస్తూ, పాఠం అడిగినట్టు అడిగింది. "ఆ రెండో పాటలో దగ్గు ఉంది చూడు. అది సరిగ్గా తాళం దెబ్బతో సమం మీద పడుతుందా, అర దెబ్బ జరిగి పడుతుందా? ఎన్నిసార్లు విన్నా నాకు అందలేదే. రేపు నేనూ వస్తే, తప్పుచోట దగ్గకూడదు కదా."

ఎన్నిసార్లు విన్నా. బీరువా పై అర, ఎప్పుడు చూసినా మొదటికి చుట్టి ఉన్న టేపు. రాగసుధ పండు పక్కన పెట్టి, అమ్మ అరచేతిని తీసుకుని తన మోకాలి మీద పెట్టుకుంది. ఒకటి, రెండు, మూడు అని దెబ్బ వేయిస్తూ, ఇక్కడ గౌస్ గుద్దుతాడు, ఇక్కడ రేకులు అదురుతాయి, ఇదిగో ఇప్పుడు, అంది. మొదటిసారి అమ్మ ముందే దగ్గింది. రెండోసారి ఆలస్యమైంది. మూడోసారి తల్లీకూతుళ్ళు సరిగ్గా ఒకేచోట, గట్టిగా, హాలు హాలంతా తిరిగి చూసేలా దగ్గారు. గుల్జార్ బేగం కంగారుగా తలుపు తీసి చూసి, లోపలికెళ్ళి మంచినీళ్ళ సీసా పట్టుకొచ్చింది.